రొయ్యల పేపరు నాది కాదు

మా చెల్లెలి కూతురు వరంగల్‌లో పత్తి విత్తనాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఏమైందే అంటే తెర నా వైపు తిప్పింది. పరిశోధకుల వ్యాసాలన్నీ పోగుచేసి చూపే వెబ్‌సైటు ఏదో దాన్ని అడుగుతోంది, ఈ వ్యాసాలు మీవేనా అని. కింద ఉన్నవాటిలో రెండు దానివే. మూడోది మోకాలి చిప్ప ఆపరేషన్ గురించి.

"చూడు పెద్దమ్మా, నాకు తెల్వకుండనే ఎముకల డాక్టర్‌ను గూడ అయిన," అంది.

దానితోపాటు నేనూ నవ్వాను గానీ, నా మనసు మస్కట్‌కు పోయింది. అక్కడ నేను లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో ఇదే ప్రశ్న ఒక మనిషిని పెద్ద బల్ల ముందు కూర్చోబెట్టి అడిగారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా పెద్ద లాభం లేదు, ఆయనకు వచ్చిన చిక్కంతా ఆ పేరుతోనే. మేమంతా డాక్టర్ సాబ్ అనేవాళ్ళం.

ఎనభైల చివర్లో మా వారికి ఒమన్ రాజధాని మస్కట్‌లో, రూవీ అనే పేటలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. పక్కనే హమ్రియాలో ఒక పాత మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింద కిరాణా కొట్టు, చుట్టుపక్కల గదుల్లో జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు. నేను హన్మకొండలో లైబ్రరీ సైన్సు చదివి ఉండటంతో, ఊరి బయట ఒక కాలేజీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా తీసుకున్నారు. భవనం కొత్తది. అరల్లో సగం ఇంకా ఖాళీ.

నేను చేరిన కొత్తల్లోనే ఓడ మీద పెద్ద పెద్ద పెట్టెలు వచ్చాయి. వాటిలో ఇటుకల్లాంటి సంపుటాలు. సైన్సులో ఎవరి వ్యాసాన్ని ఎవరు తమ వ్యాసంలో ప్రస్తావించారో ఏడాదికేడాది పోగుచేసి అచ్చువేసే సూచిక అది. సైటేషన్ ఇండెక్స్ అంటారు. అక్షరాలు చీమల బారుల్లా ఉండేవి. అవి వచ్చాక, అంతవరకు లైబ్రరీ మొహం చూడని ప్రొఫెసర్లు కూడా రావడం మొదలుపెట్టారు. తమ పేరు వెతుక్కోవడానికి వచ్చామని ఒక్కరూ చెప్పేవారు కాదు. వేరే ఏదో చూస్తున్నట్టు నాలుగు పేజీలు తిప్పి, అటూ ఇటూ చూసి, మెల్లగా తమ అక్షరం దగ్గరికి జారుకునేవారు.

డాక్టర్ సాబ్‌కు ఆ మొహమాటం లేదు. మొదటిరోజే తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, తెలుగులోనే అడిగారు.

"ఏమ్మా, మనోళ్ళే కదా నువ్వు? నన్నెవురన్నా తిట్టినారేమో చూడాల. ఆ లావు పుస్తకాలు యాడ పెట్టినావు?"

"మీది కడప దిక్కా సార్?" అన్నాను.

"దిక్కేందమ్మా, కడపే. మాట పట్టిచ్చేసిందా?" అని నవ్వారు.

పొట్టి మనిషి. అప్పటికే యాభై దాటినట్టున్నారు. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేవి. చదవాల్సి వస్తే వాటిని దించేవారు కాదు, పుస్తకాన్నే ముక్కు దాకా తెచ్చుకునేవారు. కుర్చీ జరిపితే వద్దనేవారు. కూర్చుంటే నిద్రొస్తుందట. చొక్కా జేబులో ఎండిపోయి నల్లబడ్డ నిమ్మకాయ ఒకటి ఉండేది. ఒమన్‌లో కూరల్లో వేసుకునే లూమీ అది. ఏదన్నా ఆలోచించేటప్పుడు దాన్ని తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ జేబులో వేసుకునేవారు.

తిట్టారేమో చూడాలి అన్నది తమాషాకు అనుకున్నాను. తమాషా కాదు. తన వ్యాసాన్ని ఎవరన్నా మెచ్చుకుని వదిలేస్తే ఆయనకు పెద్దగా ఆనందం ఉండేది కాదు. తప్పుపట్టారంటే మాత్రం ఆ జర్నల్ తెప్పించమని నన్ను తొందరపెట్టేవారు. అది వచ్చాక నిలబడే మొత్తం చదివి, మర్నాడు రూవీ బజారు నుంచి ఒమన్ హల్వా డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు.

"మిమ్మల్ని తప్పన్నారు కదా సార్, హల్వా ఎందుకు?"

"మెచ్చుకునేటోడు పైపైన చూసి రాసేయచ్చమ్మా. తప్పు పట్టాలంటే మొత్తం చదవాల్సిందే. నన్ను ఒకడు ఆసాంతం చదివినాడంటే చిన్న మాటనా?"

ఆయన చదివింది కెమిస్ట్రీ. కాలేజీలో చెప్పేదీ అదే. రాసినవి మాత్రం ఒక దారిన ఉండేవి కావు. ఎవరన్నా ఏదన్నా అడిగితే ఆ ప్రశ్న వెంట పడిపోవడం ఆయన జబ్బు. ఆ మాట ఆయనదే. కొండల అడుగు నుంచి తోటలకు నీళ్ళు తెచ్చే పాతకాలపు కాలువల్ని అక్కడ ఫలజ్ అంటారు. మొదట ఆ నీళ్ళలో ఉప్పు గురించి రాశారు. ఆ నీళ్ళు తాగే నిమ్మచెట్లు ఎందుకు ఎండిపోతున్నాయని కొండల దగ్గరి రుస్తాఖ్ అనే ఊళ్ళో ఒక రైతు అడిగితే, నిమ్మచెట్ల మీద రాశారు. తీరంలో ఎండబెట్టిన చేప ఎందుకు చేదెక్కుతుందని ఇంట్లో తన భార్య అడిగితే దాని మీదా ఒకటి రాశారు.

సిమెంటు పేపరు పుట్టినప్పుడు నేనూ ఉన్నాను. ఒక శుక్రవారం ఆయనా, ఆయన భార్యా హమ్రియాలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మేడ మెట్ల మీద మా పక్క గది మేస్త్రీ రాజేశం ఎదురుపడ్డాడు. డాక్టర్ అని విని, వైద్యం చేసే డాక్టరనుకుని, చేతులు చాపి చూపించాడు.

"సారూ, గీ చేతులు జూడున్రి. ఊళ్ళె గూడ సిమెంటు పనే జేసిన, ఎన్నడు గిట్ల పగుల్లే. ఈడికొచ్చినంక చెయ్యి మంట, దురద, రాత్రి నిద్ర లేదు. మందు రాయున్రి."

"నేను మందులిచ్చే డాక్టర్ను కాదు నాయనా," అన్నారు ఈయన. అని ఊరుకోలేదు. ఆ చేతుల్ని ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు. ఏ నీళ్ళతో కలుపుతున్నారు, ఏ నీళ్ళతో కడుక్కుంటున్నారు, చేతికి ఏం తొడుక్కుంటున్నారు అని అడిగారు. లోపల మా అన్నం చల్లారిపోయింది. వాళ్ళావిడ, మేం భాభీ అనేవాళ్ళం, నా వైపు తిరిగి దక్కనీ ఉర్దూలో అన్నారు, "వడ్డించెయ్ బేటీ. ఆ మెట్ల మీద ఇప్పుడు ఇంకో పేపర్ మొదలైంది."

నిజమే. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన మేడలు కట్టే సైట్ల చుట్టూ తిరిగారు. రాజేశాన్ని ఆసుపత్రికి పంపి మందు ఇప్పించారు. ఉప్పు నీళ్ళతో కలిపిన సిమెంటు చర్మాన్ని ఏం చేస్తుందో రెండు మూడు పేజీలు రాసి, చర్మవైద్యుల జర్నల్‌కు పంపారు. అచ్చయ్యాక రాజేశం పనిచేసే సైట్లో రబ్బరు గ్లవ్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. రాజేశానికి మాత్రం ఆ వ్యాసం కంటే దానిలో వేసిన తన చేతుల ఫోటో గొప్ప. ఒక కాపీ అడిగి తీసుకుని ఇంటికి పంపించాడు.

ఇక ఆయన పేరు సంగతి. ఇంటిపేరు స్థానంలో షేక్. దాని వెనక రెండు మాటల పేరు. అచ్చులో ఆ రెండు మాటలూ రెండు పొడి అక్షరాలుగా మిగులుతాయి. మన కడప, నెల్లూరు, గుంటూరుల్లో ఇంటింటికీ ఒక షేక్ ఉంటారు, ఎవరూ పట్టించుకోరు. ఒమన్‌లో అలా కాదు. అక్కడ షేక్ అంటే తెగకు పెద్ద. ఏ ఆఫీసుకు పోయినా పేరు చూసి లేచి నిలబడేవారు, కాఫీ ముందు ఆయనకే ఇచ్చేవారు. ఈయన ప్రతిసారీ తనకొచ్చిన కాస్త అరబ్బీలో నేను ఆ షేక్‌ను కాదు, మా ఊళ్ళో ఈ పేరు అందరికీ ఉంటుంది అని విడమర్చి చెప్పేవారు.

రుస్తాఖ్‌లో ఆయనకు నిమ్మతోట చూపించిన రైతు, బాబా సాలిం, ఈ వివరణంతా ఓపిగ్గా విన్నాడట. తెల్ల గడ్డం, చేతికర్ర, గట్టి గొంతు ఉన్న ముసలాయన. మొత్తం విని, "సరే, నువ్వు షేక్‌వి కాదు. కాఫీ చల్లారుతోంది, ముందు తాగు," అన్నాడట. ఆ రోజు నుంచీ ఇద్దరూ దోస్తులు. తన తోటలో ఒక మూల మడి ఆయనకు వదిలేశాడు. అందులో డాక్టర్ సాబ్ రకరకాల మొదళ్ళ మీద నిమ్మ అంట్లు కట్టారు. ఉప్పు నీళ్ళను ఏది తట్టుకుంటుందో చూడాలని. కెమిస్ట్రీ చదివినవాడికి అంట్లు కట్టడం ఎందుకని కాలేజీలో నవ్వుకున్నారు. ఆయన మాత్రం శుక్రవారం వస్తే చాలు, నమాజు కాగానే భాభీని కారెక్కించుకుని రుస్తాఖ్ పోయేవారు. మమ్మల్నీ చాలాసార్లు తీసుకెళ్ళారు. మొక్కల దగ్గర వంగి, ఆకు ఆకునూ తిప్పి చూస్తూ, "ఇవి కాపుకొచ్చేదాకా నన్ను ఈ దేశంలో ఉండనిస్తే చాలమ్మా," అనేవారు.

తొంభైల మొదట్లో ఆ మాటకు గండం వచ్చింది. ఆయన కాంట్రాక్టు ముగియబోతోంది. కాలేజీ ఒక కొత్త నిబంధన పెట్టింది. ప్రొఫెసర్ అయినవాళ్ళకు పొడిగింపు సులువు. కానివాళ్ళ సంగతి కమిటీ ఇష్టం. ప్రొఫెసర్ కావాలంటే ఏదో ఒక రంగంలో పేరుండాలి, రాసింది పదిమంది ప్రస్తావించి ఉండాలి. ఈయనకు రంగాలు ఎక్కువ, ఒక్కోదాంట్లో ప్రస్తావనలు తక్కువ.

విభాగానికి పెద్ద ఒక సూడాన్ ప్రొఫెసర్. నెమ్మదస్తుడు. డాక్టర్ సాబ్ అంటే ఇష్టమే. కమిటీకి పోయేముందు ఆయన రికార్డు తానే ఒకసారి చూసుకోవాలని, విదేశంలోని ఒక సంస్థ చేత కంప్యూటర్‌లో వెతికించి ప్రింటవుట్ తెప్పించారు. సరిచూసుకోవడానికి మా ఇండెక్స్ సంపుటాలు తెమ్మంటే, ట్రాలీలో పెట్టుకుని నేను తీసుకెళ్ళాను. పేజీలు చూపించడానికి ఉండమన్నారు. ఒక పక్కన కూర్చున్నాను.

సూడాన్ ప్రొఫెసర్ మొహం ఆ రోజు వెలిగిపోతోంది.

"డాక్టర్, నేను మిమ్మల్ని ఇన్నాళ్ళూ తప్పుగా అంచనా వేశాను," అన్నారు ఇంగ్లీషులో. "నీళ్ళు, నిమ్మచెట్లు, చర్మం, ఎండుచేపలు. అన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయని దిగులుపడ్డాను. ఇదొకటి ఉందని మీరు నాకు చెప్పనేలేదు. రొయ్యల పెంకు జబ్బు మీద పేపరు. అన్ని దేశాలవాళ్ళూ దీన్ని ప్రస్తావిస్తున్నారు. మీ మిగతావన్నీ కలిపినా దీనిలో సగం రావు. ఇది చాలు. కమిటీ ఇక నోరెత్తదు."

ప్రింటవుట్ ఆయన ముందుకు జరిపారు. నేనూ మెడ సాచి చూశాను. షేక్, ఆ పక్కన అవే రెండు అక్షరాలు. అప్పటికే ఆయన ముట్టని విషయం లేదు కాబట్టి రొయ్యలు ఉన్నాయంటే నాకూ వింతగా అనిపించలేదు. ఎండుచేపల తర్వాత రొయ్యలేగా అనుకున్నాను.

డాక్టర్ సాబ్ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నారు. చాలాసేపు చదివారు. జేబులో చెయ్యి పెట్టి, నిమ్మకాయ తీయకుండానే చెయ్యి బయటికి తెచ్చారు.

"ఇది చాలా మంచి పేపర్‌లా ఉంది సార్," అన్నారు. "కానీ నాది కాదు."

"మీ పేరే కదా?"

"పేరు నాదే. పేపరు నాది కాదు. నేను రొయ్యను పళ్ళెంలో తప్ప చూడలేదు."

సూడాన్ ప్రొఫెసర్ నవ్వబోయి ఆగిపోయారు. ప్రింటవుట్ వెనక్కి తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నారు. "డాక్టర్, ఇది ఆ సంస్థ పంపిన కాగితం. మీరు రాసిచ్చింది కాదు, నేను రాసింది కాదు. కమిటీలో ఎవరూ విడదీసి చూడరు. మీరు ఏమీ అననక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. అది తీసేస్తే నేను మీకోసం ఏం చెప్పగలనో నాకు తెలియదు."

నేను ట్రాలీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఊరుకోండి సార్ అని నా మనసులో ఉంది. రుస్తాఖ్ మడిలో మొక్కలు అప్పటికి నా నడుము దాకా వచ్చాయి.

"అది రాసినాయన ఎక్కడో ఉంటాడు సార్," అన్నారు డాక్టర్ సాబ్. "ఆయన కూడా ఇట్లాంటి బల్ల ముందరే కూర్చోవాల కదా. తీసేయండి."

సూడాన్ ప్రొఫెసర్ పెన్ను తీసి ఆ వరుస కొట్టేశారు. ఆ తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా సాగనంపారు.

వరండాలో నేను ట్రాలీ తోసుకుంటూ ఆయన పక్కనే నడిచాను. మెట్ల దగ్గర ఆగారు.

"ఒక్క నిమిషం నాదే అనిపించిందమ్మా," అన్నారు. "నిజంగా. ఎప్పుడన్నా రాసి మర్చిపోయినానేమో అని గూడా చూసుకున్నా. అంత ఆశ పుట్టింది."

"మరి ఇప్పుడెట్ల సార్?"

"ఎట్లనో అట్ల. ఆ రొయ్యల పేపరు తెప్పించు. చదవాల."

ఆ వారమంతా ఆయన ఉషారుగా లేరు. ఇంట్లో మాట తగ్గిందని భాభీ ఫోన్ చేసి చెప్పారు. "నేను మాత్రం సామాన్లు సర్దను. సర్దితే పొమ్మన్నట్టే ఉంటుంది," అన్నారావిడ. రొయ్యల వ్యాసం ఫోటోకాపీ వచ్చాక ఆయన మామూలు మనిషయ్యారు. కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివి, "ఏం రాసినాడమ్మా! పెంకు ఎట్లా మెత్తబడేదీ మెట్టు మెట్టుగా చూపిచ్చినాడు. వీడి పేరు పెట్టుకున్నందుకు నాకే మర్యాద పెరిగేటట్టుండాది," అన్నారు.

కమిటీ ఆయన్ని ప్రొఫెసర్ చేయలేదు. పంపించనూ లేదు. తరగతులు తగ్గించి, కాలేజీ వ్యవసాయ విభాగంలో పరిశోధకుడిగా ఉంచుతూ కాంట్రాక్టు పొడిగించారు. సూడాన్ ప్రొఫెసర్ ఆ కమిటీలో గంటకు పైగా వాదించారని తర్వాత తెలిసింది. పాత గది పోయింది. కిటికీ లేని గది, ఎరువుల స్టోర్ పక్కన. మా వారు అయ్యో అంటే, "తరగతులు లేవు కదయ్యా, ఇప్పుడు రుస్తాఖ్‌కు శుక్రవారమే పోవాలని ఏముంది?" అన్నారు. ఆ గది నుంచి ఆయన గొంతు లైబ్రరీ దాకా వినిపించేది. ఇంతకు ముందుకంటే ఎక్కువ నవ్వేవారు.

రొయ్యల షేక్‌కు ఉత్తరం రాసింది ఆ గది నుంచే. వ్యాసం మీద చిరునామా ఉంది, మలేషియాలో ఒక పరిశోధన కేంద్రం. ఇంకెందరున్నారో తెలియదు గానీ మన ఇద్దరిదీ ఒకే పేరు, మీ రొయ్యల పేపరు నాకు అంటగట్టారు, నాది కాదని తీసేయించాను, నాదేదన్నా మీ దగ్గరికి వచ్చిందా అని రాశారు. జవాబు చాలారోజులు రాలేదు. వచ్చింది ఒక్క ముక్క. సెలవుకు ఇంటికి పోతున్నాను, అక్కడి నుంచి మస్కట్ దాకా వస్తాను, ఎదురుగా మాట్లాడాలి, అని.

ఆయన వచ్చిన రోజు డాక్టర్ సాబ్ తిన్నగా లైబ్రరీకే తీసుకొచ్చారు. పొడుగ్గా, సన్నగా, ఈయనకంటే చాలా చిన్నవాడు. ఊరు నెల్లూరు. దక్కనీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగిపోయారు ఇద్దరూ. నేను టీ తెప్పించాను. నెల్లూరాయన కప్పు ముట్టుకోలేదు.

"భాయ్‌సాబ్, ముందు నేను ఒక మాట చెప్పాల," అన్నాడు. "మీ సిమెంటు పేపరు రెండేళ్ళుగా నా లెక్కలోనే ఉండాది. రొయ్యల ల్యాబులో సిమెంటు ఏందని మా డైరెక్టరు అడిగినాడు. చెరువు గట్ల కోసమని చెప్పినా. నాది కాదు అని చెప్పలా. అప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన టైము. నోరు రాలా. మీరు నాది వద్దన్నారని రాసినారే, ఆ ఉత్తరం చదివినాక నాకు తిండి పోలా."

డాక్టర్ సాబ్ ఆయన మొహంలోకి చూశారు. నాకు భయమేసింది. అంతలోనే భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు.

"చెరువు గట్లా? అబ్బ, ఆ ముక్క నాకు తట్టలేదే! దాన్ని ఎవురో ఒకరు చూసుకున్నారు కదప్పా, సంతోషం. పర్మనెంటు అయిందా లేదా?"

"అయింది భాయ్‌సాబ్. ఇప్పుడు పోయి చెప్పేస్తా. తీసేయమంటా."

"చెప్పు. చెప్పినాక హాయిగా ఉంటాది. ముందు టీ తాగు."

అన్న మాట ప్రకారం ఆయన చెప్పేశాడు. డైరెక్టరు కోప్పడి, ఆ ఒక్క వరుస తీయించి వదిలేశాడట. అది తర్వాతి మాట. ఆ శుక్రవారం మాత్రం మేమంతా కలిసి రుస్తాఖ్ పోయాం. బాబా సాలిం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఈయన పేరు కూడా షేక్ అని డాక్టర్ సాబ్ చెబితే, ముసలాయన కర్ర ఊపి, "ఇతనూ షేక్ కాదా?" అని అడిగాడు. కాదన్నారు. "బాగుంది, కూర్చోండి," అన్నాడు.

ఖర్జూరం, కాఫీ అయ్యాక మగవాళ్ళంతా ఫలజ్ గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టారు. అందులో వేలెడంత చేపలు గుంపుగా వచ్చి పాదాల్ని గిల్లుతుంటాయి. డాక్టర్ సాబ్ చక్కిలిగింతలకు కేకలు పెట్టారు. నెల్లూరాయన మాత్రం ఒంగి వాటినే చూస్తున్నాడు.

"భాయ్‌సాబ్, దిగువన ఉప్పెక్కిన నీళ్ళలో గూడా ఇవి ఉంటాయా?"

డాక్టర్ సాబ్ కేకలు ఆగిపోయాయి. జేబులోంచి నిమ్మకాయ తీశారు. భాభీ నా మోచేతిని పొడిచారు. ఆమె ఏమీ అనాల్సిన పని లేకపోయింది.

దాని మీద ఇద్దరూ రెండేళ్ళు పనిచేశారు. ఈయన నీళ్ళు పరీక్షించి అంకెలు పంపేవారు, సీసాల్లో చేపలు పంపేవారు. ఆయన సెలవు దొరికినప్పుడల్లా మస్కట్‌లో దిగేవాడు. ఉప్పు పెరిగేకొద్దీ ఏ చేపలు ముందు మాయమవుతాయో, చెట్టుకు దెబ్బ తగలకముందే రైతు దాన్ని చూసి ఎలా తెలుసుకోవచ్చో రాశారు. రాసినదాన్ని నాతోనే టైపు చేయించారు. రచయితల పేర్ల దగ్గర ఒకే పేరు పక్కపక్కన రెండుసార్లు కొడుతుంటే నాకే నవ్వొచ్చింది. ఎవరి చిరునామా వాళ్ళ పేరు కింద ఉంది.

ఆ ఏడు నిమ్మ అంట్లు మొదటి పూత పూశాయి. ఆ పూత రోజుల్లోనే జర్నల్ సంచిక వచ్చింది. తపాలా సంచి విప్పి నేనే ముందు చూశాను. శీర్షిక ఉంది, పటాలున్నాయి, చిరునామాలు కూడా రెండూ ఉన్నాయి. పేరు మాత్రం ఒక్కటే. ఎడిటర్ ఆఫీసులో ఎవరో, పేరు పొరపాటున రెండుసార్లు పడిందనుకుని ఒకటి తీసేశారు.

నాకు కోపం వచ్చింది. సంచిక పట్టుకుని ఎరువుల స్టోర్ పక్క గదికి పరుగెత్తాను. ఆయన పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"సవరణ వెయ్యమని రాద్దాం సార్. గిదేం అన్యాయం?"

"ఉండమ్మా, ఆయన్ను అడగనీ."

లైబ్రరీ ఫోన్ నుంచే మలేషియాకు చేశారు. సంచిక ఆయనకూ అప్పుడే అందిందట. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "కాదప్పా, అది నువ్వే... నేనెట్లయితాను, చేపలు నీవి కదా... నీళ్ళు నావైతే ఏమి? చేపలు లేకుండా నీళ్ళేం జేస్తాయి?... గమ్మునుండు, పెద్దోని మాట విను, అందులో ఉండేది నువ్వే." అటువైపు నుంచి ఆయన కూడా ఇదే మాట అంటున్నాడని ఈయన మొహం చూస్తేనే తెలుస్తోంది. తేలకుండానే లైను తెగిపోయింది. సవరణ కోసం ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

తర్వాతి శుక్రవారం రుస్తాఖ్‌లో, పూసిన నిమ్మమొక్కల పక్కన చాప పరిచారు. డాక్టర్ సాబ్ సంచిక తెరిచి బాబా సాలిం ఒళ్ళో పెట్టారు. ముసలాయనకు ఇంగ్లీషు రాదు. తన ఫలజ్ బొమ్మను గుర్తుపట్టి తృప్తిగా తలూపాడు. తర్వాత పేజీ పైభాగం చూపించి, నీ పేరెక్కడ అని అడిగాడు. డాక్టర్ సాబ్ వేలు పెట్టి చూపించారు.

"మరి నీ దోస్తుది?"

డాక్టర్ సాబ్ వేలు తీయలేదు. అక్కడే ఉంచారు. బాబా సాలిం ఆ వేలినీ, ఆయన మొహాన్నీ చూసి, ఇందులో అడగడానికేముంది అన్నట్టు తల పంకించి, కాఫీ కప్పు ఆయన చేతికిచ్చాడు.